రెండు తెరలకు కావలసినది కండబలమా, ద్వారబలమా?



ఈ టపాకు కారణం ఒక చుక్క. థకారం కడుపులో ఉండే చుక్క. అది ఉంటే "అర్థము": భావం, ధనం, ప్రయోజనం. అది లేకపోతే "అర్ధము": సగం. ముప్ఫై యేళ్ళకు పైగా పిల్లల నోటుపుస్తకాలలో ఈ చుక్కను ఎర్రసిరాతో పెడుతూ వచ్చినవాణ్ణి. అటువంటి నేను ఒక పాత వ్యాఖ్యాన గ్రంథాన్ని యూనికోడులోకి ఎక్కిస్తూ, ఒకే ప్రకరణంలో పదకొండు చోట్ల "అర్థము"ను "అర్ధము"గా వదిలేశాను. చదివిన మిత్రులొకరు ఫోను చేసి, "ఏమండీ పంతులుగారూ, అర్థమంతా సగమైపోయిందేమిటి!" అన్నారు. వారన్నది పరిహాసానికే. కాని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కాగితంమీద తప్పు ఆ ప్రతితో పోతుంది. అంతర్జాలంలో తప్పు అలా కాదు. ఒకరు నకలు తీసుకుంటారు, దానినుంచి మరొకరు తీసుకుంటారు. పదేళ్ళ తరువాత ఆ తప్పే పాఠాంతరంగా ప్రచారంలోకి వచ్చినా ఆశ్చర్యం లేదు.

కారణం వెదికితే కొంత నా కళ్ళలో, కొంత నా తెరలో దొరికింది. కళ్ళకు శుక్లాలు తీయించుకున్నాను. తరువాత తెర మార్చబోయాను. ఎడమవైపు తెరమీద పాత ముద్రణ ఛాయాచిత్రం, కుడివైపు తెరమీద నేను టైపు చేస్తున్న ప్రతి ఉండాలని నా కోరిక. పూర్వం లేఖకుడు మూలమైన తాటియాకు ఒక పక్క, కొత్త ఆకు ఒక పక్క పెట్టుకున్నట్టే. అందుకోసం 27 అంగుళాల 4కె తెరలు రెండు కొన్నాను. వాటిని నడిపే గ్రాఫిక్స్ కార్డు దగ్గర నా కష్టాలు మొదలయ్యాయి.

(దీనికి తెలుగులో "దృశ్యఫలకం" అని పేరు పెడదామన్న ఉబలాటం నాకూ ఉంది. కాని ఆ మాటతో దుకాణానికి వెళితే దేవుడి పటం కట్టించే అంగడికి దారి చూపిస్తారు. కనుక గ్రాఫిక్స్ కార్డు అనే అంటాను. పదనిర్మాతలు క్షమింతురు గాక.)

ఈ విషయంలో లోకంలో రెండు పూర్వపక్షాలు చలామణీలో ఉన్నాయి. మొదటిది: "తెలుగు టైపు చేసుకునేవారికి ఇంత సూక్ష్మమైన తెరలు అనవసరం." రెండవది: "రెండు 4కె తెరలు కావాలంటే ఆటలాడే కుర్రవాళ్ళు కొనే పెద్ద కార్డు తప్పనిసరి." పైకి ఇవి పరస్పర విరుద్ధాలు. విచారిస్తే రెండూ ఒకే తల్లి బిడ్డలు. గ్రాఫిక్స్ కార్డు పుట్టిందే ఆటల కోసమన్న నమ్మకం ఆ తల్లి. ఆ నమ్మకం ఉన్న అంగడిలో చదివేవాడు, రాసేవాడు, దిద్దేవాడు లెక్కలోకి రాడు. ఈ రెంటినీ ఖండించడమే నా ఉద్దేశం.

మొదటి పూర్వపక్షం: అక్షరాలకు ఇన్ని చుక్కలెందుకు?

రోమను లిపిని ఎరిగినవారు వేసిన ప్రశ్న ఇది. వారి అక్షరం ఒక వరుసలో నిలబడుతుంది. మన అక్షరం మూడంతస్తుల మేడ. పైన గుడి, గుడిదీర్ఘం, ఎత్వం, నడుమ హల్లు, కింద ఒత్తు, అవసరమైతే ఒత్తు పక్కన మరో ఒత్తు. "స్త్రీ" అన్న ఒక్క అక్షరంలో మూడు హల్లులు, ఒక దీర్ఘం కాపురముంటాయి. "దార్ఢ్యము", "వైదగ్ధ్యము" వంటివి సరేసరి.

ఇక లెక్కకు వద్దాం. 12 పాయింట్ల అక్షరమంటే అంగుళంలో ఆరో వంతు ఎత్తు. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెరమీద అంగుళానికి సుమారు 92 చుక్కలు ఉంటాయి. అంటే ఆ మేడ మొత్తానికి దక్కేది నిలువునా 15 చుక్కలు. అందులో పై అంతస్తుకు కొంత, నడిమికి కొంత పోగా కింది ఒత్తుకు నాలుగో అయిదో మిగులుతాయి. ఆ నాలుగైదు చుక్కలలో థవత్తు కడుపులోని చుక్క ఎక్కడ ఇముడుతుంది? కంప్యూటరు దానిని బూడిదరంగు మరకగా మార్చి చేతులు దులుపుకుంటుంది. 27 అంగుళాల 4కె తెరమీద అంగుళానికి సుమారు 163 చుక్కలు. అదే పరిమాణపు అక్షరానికి నిలువునా 27 చుక్కలు దక్కుతాయి. వైశాల్యంలో చూస్తే మూడు రెట్లకు పైమాటే. థకారానికి చుక్క తిరిగి వస్తుంది.

"అక్షరం పెద్దది చేసుకోవచ్చు కదా?" అంటారు. చేసుకోవచ్చు. అప్పుడు సీసపద్య పాదం ఒక పంక్తిలో పట్టదు. యతిస్థానం ఎక్కడో, ప్రాస ఎక్కడో కంటికి ఆనదు. పద్యాన్ని ముక్కలుగా చదివి దిద్దడం, ఏనుగును తోకనుంచి తడిమి వర్ణించడంలాంటిది.

"వెనుక మనమందరం చిన్న తెరలమీదనే రాయలేదా?" అని కూడా అంటారు. రాశాము. ఎక్స్‌పీలో సంక్లిష్ట లిపుల అమరిక పెట్టుకోనివారికి ఒత్తులు విడివిడిగా కనిపించిన రోజులు, గౌతమి ఖతితో కళ్ళు చికిలించుకొని లేఖినిలో టైపు చేసిన రోజులు మనలో ఎవరూ మరచిపోలేదు. ఆ రోజుల టపాలు ఇప్పుడు తీసి చదవండి. నావి నేను చదివాను. తప్పులు లెక్కపెట్టడం రెండో పుటలోనే మానుకున్నాను.

మూలప్రతుల సంగతి మరీ సూక్ష్మం. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వారు స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు అనేకం ఆర్కైవ్.ఆర్గ్‌లో దొరుకుతున్నాయి. వాటిలోని పాత ముద్రణలలో అరసున్న ఉంటుంది, శకటరేఫ ఉంటుంది, నకారపొల్లు ఉంటుంది, వలపలగిలక ఉంటుంది. ఆ గిలకను కాగితంమీది మచ్చ అనుకొని వదిలేస్తే "సర్వము" కాస్తా "సవము" అవుతుంది. నకారపొల్లుకు యూనికోడులో సొంత స్థానం దక్కింది 2021లో, 14వ కూర్పుతో. అంతర్జాతీయ ప్రమాణమే మన చిన్న గుర్తుకు చోటిచ్చింది. దానిని చూడగలిగిన తెర మాత్రం మనకు అనవసరమట!

రెండవ పూర్వపక్షం: పెద్ద కార్డు తప్పదా?

ఇక నా అనుభవం. దుకాణం పేరు, ఆ కార్డు చేసినవారి పేరు ఇక్కడ అప్రస్తుతం. నా తగవు మనుషులతో కాదు, ఆలోచనాసరళితో.

దుకాణదారు మొదట మొదటి పూర్వపక్షం చదివాడు: "టైపు చేసుకోడానికి 4కె ఎందుకండీ మాస్టారూ?" తెరలు కొనేశానని చెప్పాను. వెంటనే రెండవ పూర్వపక్షం ఎత్తుకున్నాడు: "అయితే పెద్ద కార్డు వేయాలండీ. పవర్ సప్లయి మార్చాలి. క్యాబినెట్టులో పట్టదు, అదీ మార్చాలి." ఆ మొత్తం విని నేను వెనుదిరగబోతే, అరలోనుంచి ఒక చిన్న పెట్టె తీసి, "పోనీ ఇది తీసుకోండి. పెట్టెమీద 4కె అని ఉంది చూడండి" అన్నాడు. చూశాను. ఉంది. కొన్నాను.

ఇంటికి వచ్చి బిగించాక ఎడమ తెరమీద బొమ్మ వచ్చింది. కాని మౌసు బాణం కుంటుతూ నడిచింది. పుట జరిపితే పంక్తులు ఈదుతున్నట్టు కదిలాయి. కుడి తెరమీద మరొక విడ్డూరం. 4కె తెరే, అయినా అక్షరాలు అద్దుడు కాగితంమీద సిరాలాగా అలుముకున్నాయి. దుకాణానికి ఫోను చేస్తే వచ్చిన సమాధానం: "ఒకసారి కళ్ళజోడు మార్చి చూడండి మాస్టారూ."

శుక్లాలు తీయించుకొని నెల తిరగని మనిషితో అన్న మాట అది. నేనూ ఒక పూట నమ్మాను. కళ్ళ డాక్టరు దగ్గరికి మళ్ళీ బయలుదేరబోయాను కూడా. ఇక్కడే నాకు బాధ కలిగింది. వస్తువులో ఉన్న లోపాన్ని వయసుమీదికి నెట్టడం ఎంత సులువో! ఎన్ని ఇళ్ళలో ఎంతమంది పెద్దవాళ్ళు, తప్పు తమ కళ్ళదే అనుకొని కంప్యూటరు కట్టేసి కూర్చున్నారో!

ఆ సాయంత్రం మా పాత విద్యార్థి ఒకడు మాటల సందర్భంలో ఈ సంగతి విన్నాడు. "గురువుగారూ, ఆ కార్డు ఫోటో తీసి పంపండి" అన్నాడు. పెట్టెమీది బొమ్మ పంపాను. "అది కాదండీ, కార్డు వెనకభాగం. తీగలు గుచ్చే వైపు." పంపాను. రెండు నిమిషాలలో జబ్బు చెప్పేశాడు. "మీ కళ్ళు బాగానే ఉన్నాయండి. ద్వారాలే ఇరుకు."

సిద్ధాంతం

వాడు చెప్పినదానికి నేను తరువాత లెక్క కట్టుకున్నాను. మీరూ కట్టి చూడండి. గుణకారం తప్ప మరే విద్యా అక్కరలేదు.

4కె తెరలో అడ్డంగా 3840, నిలువుగా 2160 చుక్కలు. వెరసి 82,94,400. ఒక్కొక్క చుక్క రంగు చెప్పడానికి 24 బిట్లు. తెర సెకనుకు 60 సార్లు కొత్త బొమ్మ తీసుకుంటుంది. అన్నీ గుణిస్తే సెకనుకు సుమారు 1,194 కోట్ల బిట్లు. ఇది బొమ్మ ఒక్కదానికే. పంక్తుల నడుమ విరామాలకు మరికొంత కలుస్తుంది. ఈ ప్రవాహం కార్డులోనుంచి తీగలోకి దాటవలసిన గుమ్మమే ద్వారం.

ఇప్పుడు గుమ్మాల వెడల్పు చూద్దాం. 2009లో వచ్చిన హెచ్‌డీఎంఐ 1.4 ద్వారం సామర్థ్యం సెకనుకు 1,020 కోట్ల బిట్లు. అందులో ప్రతి 8 బిట్ల సరుకు 10 బిట్ల మూటగా ప్రయాణం చేస్తుంది. కనుక బొమ్మకు దక్కేది 816 కోట్లు. 1,194 కోట్లు 816లో ఎలా పడతాయి? పట్టవు. అందుకని ఆ ద్వారం 4కె బొమ్మను సెకనుకు 60 సార్లకు బదులు 30 సార్లు పంపి ఊరుకుంటుంది. నా మౌసు కుంటినడకకు కారణం అదే. పెట్టెమీద "4కె" అన్న మాట అబద్ధం కాదు. అర్ధసత్యం. చూశారా, మళ్ళీ అర్ధమే!

2013లో వచ్చిన హెచ్‌డీఎంఐ 2.0 సామర్థ్యం 1,800 కోట్లు, బొమ్మకు దక్కేది 1,440. అందులో 4కె 60 సార్లు హాయిగా పడుతుంది. డిస్‌ప్లేపోర్టు 1.2 అంతకు ముందే వచ్చింది; దాని సామర్థ్యం 2,160 కోట్లు, బొమ్మకు 1,728. ఇదీ చాలు. 2016 నాటి డిస్‌ప్లేపోర్టు 1.4, 2017 నాటి హెచ్‌డీఎంఐ 2.1 ఇంకా వెడల్పైనవి. నా కుడి తెరకు దొరికిన డీవీఐ ద్వారమో, 1999 నాటి ప్రమాణం. దాని ఒంటి వరుస సామర్థ్యం 1920 అడ్డం, 1200 నిలువు వరకే. దానికి మార్పిడి ముక్క తగిలించి 4కె తెరకు కలిపితే ఫుల్ హెచ్‌డీ బొమ్మ మాత్రమే పోతుంది. తెర ఆ ఒక్క చుక్కను నాలుగు చుక్కలమీద పరుస్తుంది. అక్షరాలు అలుముకోక ఏమవుతాయి?

మరొక మోసకారి సర్దుబాటు కూడా ఉంది. ద్వారం ఇరుకైనప్పుడు కొన్ని తెరలు, కార్డులు వెలుగును చుక్కచుక్కకూ ఉంచి, రంగును మాత్రం నాలుగు చుక్కలకు ఒకటిగా పంచుతాయి. దానిని 4:2:0 అంటారు. సినిమాలో ఎవరికీ తెలియదు. అక్షరాల అంచులలో, ఎర్రగీతలలో తెలుస్తుంది. బాణం చక్కగా పరుగెత్తుతూ ఉండగానే రంగు అక్షరాలు మసకబారితే అనుమానించవలసింది దీనినే.

అంటే నా జబ్బులన్నిటికీ మూలం గుమ్మం వెడల్పు. కార్డు బలానికి ఇందులో పాత్ర లేదు.

మరి పెట్టెమీద బొద్దక్షరాలతో వేసే "8 జీబీ", "12 జీబీ" మాటేమిటి? దానికీ లెక్క ఉంది. ఒక 4కె తెర నిండా బొమ్మను జ్ఞాపకంలో ఉంచడానికి, చుక్కకు 4 బైట్ల చొప్పున, సుమారు 33 మెగాబైట్లు. రెండు తెరలకు 66. కిటికీలు, బ్రౌజరు, ముందు వెనుకల ప్రతులు కలిపి అనేక రెట్లు వేసుకున్నా మన దిద్దుబాటు పనికి 2 జీబీ చాలు. మిగిలిన జీబీలు మన ఇంట్లో వాడని పందిరిమంచాలు.

అవధానం చూసినవారికి ఇది ఒక్క మాటలో చెప్పవచ్చు. జీబీలు ధారణ. ద్వారం ధార. అవధానికి ధారణ కొండంత ఉండనివ్వండి, ధార సన్నగిల్లితే సభకు పద్యం అందదు. అంగడివారు ధారణను చూపి వెల కడుతున్నారు. మనకు కావలసింది ధార.

ఒకే పేరు, రెండు వెనుకభాగాలు

కార్డు పేరు చూసి కొనడం ఎంత ప్రమాదమో ఒక ఉదాహరణ. 2017లో జీటీ 1030 అన్న చిన్న కార్డు వచ్చింది. 30 వాట్లతో పనిచేసేది. దాని హెచ్‌డీఎంఐ 2.0 ద్వారం ఒక 4కె తెరను 60 సార్ల చొప్పున నడుపుతుంది. కాని ఆ పేరుతో వచ్చిన కార్డులలో అనేకం రెండో ద్వారంగా డీవీఐ పెట్టుకున్నాయి. అవి ఒక 4కె తెరకు సరిపోతాయి, రెండింటికి పనికిరావు. అదే చిప్పుతో, అదే పేరుతో, రెండో ద్వారంగా డిస్‌ప్లేపోర్టు ఉన్న కార్డులూ కొన్ని వచ్చాయి. అవి రెండు తెరలకూ పనికివస్తాయి. పెట్టె ముందుభాగం చూసినవాడికి ఈ రెంటికీ భేదం తెలియదు. వెనుకభాగం చూసినవాడికి క్షణంలో తెలుస్తుంది.

నేను చివరకు తీసుకున్నది 2021లో వచ్చిన ఎన్విడియా టీ400. 30 వాట్లు. వెనుక మూడు మినీ డిస్‌ప్లేపోర్టు 1.4 ద్వారాలు. నా పాత క్యాబినెట్టులో, పాత పవర్ సప్లయితోనే కూర్చుంది. 2022 నాటి ఏఎమ్‌డీ ఆర్ఎక్స్ 6400కు కూడా ఒక హెచ్‌డీఎంఐ 2.1, ఒక డిస్‌ప్లేపోర్టు 1.4 ఉన్నాయి, 53 వాట్లు. ఇవే కొనమని నేననడం లేదు. ఇంత చిన్నవి ఇంత పని చేయగలవని సాక్ష్యం చూపుతున్నాను.

అసలు కార్డే అక్కరలేనివారు మనలో చాలామంది ఉంటారు. 2015లో వచ్చిన ఇంటెల్ ఆరవ తరం ప్రాసెసర్లలో ఇమిడి ఉన్న గ్రాఫిక్సే మూడు తెరల వరకు నడపగలదు; డిస్‌ప్లేపోర్టు ద్వారా అయితే 4కె 60 సార్లు. 2021 నాటి పన్నెండవ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లు నాలుగు తెరలు నడుపుతాయి. పేరు చివర "ఎఫ్" అక్షరం ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలో మాత్రం ఆ గ్రాఫిక్స్ ఉండదు. తక్కినవారు చూసుకోవలసింది మదర్‌బోర్డు వెనుక ఏ ద్వారాలు ఉన్నాయన్నదే. నా యంత్రానికి అక్కడ పాత హెచ్‌డీఎంఐ ఒకటి, వీజీఏ ఒకటి ఉన్నాయి కనుక కార్డు తప్పలేదు. రెండు వెడల్పైన ద్వారాలు ఉన్నవారికి దుకాణానికి వెళ్ళే పనే లేదు. ఈ మాట దుకాణంలో ఎవరూ చెప్పరు. ఎందుకు చెప్పరో వివరించనక్కరలేదు.

ఎవరి ఆకలికి ఎవరి జేబు?

చరిత్రలో ఒక చిత్రమైన సంవత్సరం 1999. కెనడాకు చెందిన మాట్రాక్స్ సంస్థ జీ400 కార్డును ఆ యేడే తెచ్చింది. ఒక్క కార్డుతో రెండు తెరలు నడపవచ్చునన్నది దాని గొప్ప. అదే యేడు ఎన్విడియా సంస్థ జీఫోర్స్ 256ను తెచ్చి, ప్రపంచపు తొలి జీపీయూ అని చాటింది. ఒకటి బల్లదగ్గర కూర్చొని పనిచేసేవారి దారి, మరొకటి ఆటల దారి. రెండో దారి రాజమార్గమైంది. మొదటిది కాలిబాటగా మిగిలింది.

ఆ రాజమార్గం మీద ఇప్పుడు ఎటువంటి రథాలు నడుస్తున్నాయో చూడండి. 2022 నాటి ఆర్టీఎక్స్ 4090 గరిష్ఠంగా 450 వాట్లు తీసుకుంటుంది. దానికి 850 వాట్ల పవర్ సప్లయి ఉండాలని తయారీదారు సలహా. 2025 నాటి 5090కి 575 వాట్లు, 1,000 వాట్ల పవర్ సప్లయి. అక్షరాలు చూపేటప్పుడు ఇవి అంత తాగవు, నిజమే. కాని అంత తాగగలిగినదానికి తగిన గాడి కట్టి ఉంచాలి కదా. కరెంటు పోయినప్పుడు చిన్న యూపీఎస్‌మీద ఆధారపడి, రాసింది భద్రపరచుకొని యంత్రం ఆపుకునే మనబోటివాళ్ళకు ఈ మదపుటేనుగు దేనికి?

ధర సంగతి మరొకటి. 2020, 2022 సంవత్సరాల మధ్య కార్డులు చుక్కలనంటాయి. చిప్పుల కొరతకు తోడు, ఎథీరియం నాణేలు తవ్వేవారు వాటిని గంపగుత్తగా కొనుక్కున్నారు. 2022 సెప్టెంబరులో ఎథీరియం ఆ తవ్వకం పద్ధతిని మానుకుంది. తరువాత కృత్రిమ మేధకు ఆకలి పుట్టింది. ఆటగాడి ఆకలి, తవ్వేవాడి ఆకలి, మేధ ఆకలి, ఈ మూడింటి వెల పెద్ద కార్డు ధరలో ఉంటుంది. పద్యం దిద్దుకునేవాడు ఆ వెల ఎందుకు కట్టాలి?

న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఆటలాడేవారికి, సినిమా కూర్చేవారికి, త్రిమితీయ చిత్రాలు గీసేవారికి, కృత్రిమ మేధ నమూనాలను ఇంట్లోనే నడిపేవారికి పెద్ద కార్డు సార్థకమే. వారి పని ప్రతి చుక్కనూ ప్రతి క్షణం కొత్తగా లెక్కకట్టవలసిన పని. వారిని నేను ఆక్షేపించడం లేదు. మన పుట నిలిచి ఉంటుంది, చూపు కదులుతుంది. వారి కొలబద్దతో మనకు కొలత తీసి అంగీ కుట్టడాన్ని ఆక్షేపిస్తున్నాను.

కొనబోయేవారికి

మా తరగతిలో పాఠం చివర నల్లబల్లమీద నాలుగు ముక్కలు రాయడం అలవాటు. ఇక్కడా రాస్తున్నాను.

1. ముందు తెరల వెనుక చూడండి. ఏ ద్వారాలున్నాయో, వాటి కూర్పు సంఖ్య ఎంతో రాసుకోండి.

2. తరువాత మదర్‌బోర్డు వెనుక చూడండి. డిస్‌ప్లేపోర్టు 1.2 లేదా ఆపైది, హెచ్‌డీఎంఐ 2.0 లేదా ఆపైది, ఇటువంటివి రెండు ఉండి, ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ కూడా ఉంటే డబ్బు దాచుకోండి.

3. కార్డు కొనవలసి వస్తే పెట్టె వెనుకభాగం చూసి కొనండి. "రెండు 4కె తెరలు, రెండూ 60 హెర్ట్జ్, ఒకేసారి" అని నోటితో అడగండి. "4కె వస్తుందండీ" అన్నది దానికి సమాధానం కాదు.

4. తీగను మరవకండి. వెడల్పైన గుమ్మానికి ఇరుకు తీగ తగిలిస్తే లాభం లేదు. హెచ్‌డీఎంఐ 2.0కు ప్రీమియం హై స్పీడ్ ముద్ర ఉన్న తీగ తీసుకోండి. డిస్‌ప్లేపోర్టు నుంచి హెచ్‌డీఎంఐకి పోయే మామూలు మార్పిడి తీగ తిరగేస్తే పనిచేయదు.

5. అన్నీ బిగించాక అమరికలలోకి పోయి, రెండు తెరలూ 3840, 2160 చూపుతున్నాయా, 60 హెర్ట్జ్ ఉన్నదా అని కళ్ళారా చూడండి. అక్షరాలు మరీ చిన్నవైతే చుక్కలు తగ్గించకండి. స్కేలింగు 150 శాతమో 200 శాతమో పెట్టుకోండి. చుక్కలు తగ్గిస్తే అంతకు ముందు చేసినదంతా వృథా.

ఇంత చదువు ఎందుకండీ, ఎవరినైనా అడిగి కొనుక్కోవచ్చు కదా అనవచ్చు. అడిగాను. అడిగితేనే కళ్ళజోడు మార్చుకోమన్నారు. మన పని ఏమిటో ఎదుటివాడికి తెలియనప్పుడు మన అవసరాన్ని మనమే లెక్కకట్టి చెప్పాలి. తెలుగును తెరమీదికి తేవడానికి ఇరవై యేళ్ళ క్రితం ఖతుల గురించి, కీబోర్డుల గురించి మనం నేర్చుకోలేదా? అప్పుడూ "ఇంగ్లీషులోనే రాసుకోవచ్చు కదా" అన్నవారున్నారు. వారి మాట విని ఉంటే ఈ టపా లేదు, మీరూ లేరు.

మొన్న ఆ ప్రకరణం మళ్ళీ తెరిచాను. ఎడమ తెరమీద మూలం, కుడి తెరమీద నా ప్రతి. పదకొండు చోట్లా చుక్క పెట్టాను. పన్నెండవది ఒకటి కొత్తగా దొరికింది. అది మిత్రుని కంటికీ ఆనలేదు, ఎందుకంటే అది తప్పు కాదు. మూలకర్త నిజంగానే "సగం" అనే అర్థంలో "అర్ధము" అని రాశాడు. పాత తెరమీద అయితే దానినీ దిద్ది పారేసేవాణ్ణి.

మీ ఇళ్ళలో రెండు తెరలు నడుపుతున్నవారు, వెనుక ఏ ద్వారాలున్నాయో వ్యాఖ్యలలో రాయండి. లెక్కలో పొరపాటు ఉంటే నిర్మొహమాటంగా దిద్దండి. ఎర్రసిరా నాకు కొత్త కాదు.

సెలవు.